ఇటుక వస్తే బిల్లు, బిల్లు వస్తే ఇటుక

పాస్టరు గార్లకు, ఆలయ కమిటీ పెద్దలకు, మసీదు కమిటీ పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు నమస్కారం.

పేదవాడి ఇంటికి గుడి, చర్చి, మసీదు ఏం చేయగలవంటే అందరికీ ముందు గుర్తొచ్చేది స్థలం. ఆ మాట మొదటే తేల్చేసుకుందాం. 1987 దేవాదాయ చట్టం ప్రకారం ఆలయ భూమిని కమిటీ తనంతట తాను ఇచ్చేయలేదు. వక్ఫ్ ఆస్తిని అమ్మడం, దానం చేయడం 2013 సవరణ తర్వాత కుదరనే కుదరదు. మిషన్ స్థలాల సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో 22ఏ జాబితా, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా, ఒక్కసారి చూస్తే ఉన్న ఉత్సాహం కాస్తా దిగిపోతుంది. కాబట్టి పట్టా చేతికొచ్చాక కూడా ఇల్లు ఎందుకు లేవట్లేదో చెబుతాను. హౌసింగ్ పనుల మీద సైట్ ఇంజనీరుగా చాలాకాలం తిరిగినవాణ్ణి.

మన డెల్టాలో ఇల్లు నేల దగ్గరే ఆగిపోతుంది. కాలనీకి వచ్చేది చాలాచోట్ల పల్లపు పొలమే. బుసకో మట్టో ట్రాక్టర్లతో తోలించి మెరక చేయాలి. కింద నల్లరేగడి ఉంటే తడిసినప్పుడు ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. ప్లింత్ బీము, అంటే పునాది మీద చుట్టూ వేసే కాంక్రీటు దూలం, లేకుండా లేపిన గోడ నెర్రెలిస్తుంది. లంకల్లో అయితే ఎత్తు సంగతి మరీ ముఖ్యం. ధవళేశ్వరం దగ్గర గోదావరిలో 17 లక్షల క్యూసెక్కులకు మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2022 జూలైలో అది 25 లక్షలు దాటింది. 1986 వరద చూసిన పెద్దవాళ్ళు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ఇప్పటికీ చెయ్యెత్తి చూపిస్తారు. పునాది ఎత్తు ఆ చెయ్యి చూసి పెట్టుకోవాలి, కాగితం మీది ఎస్టిమేటు దానికి సరిపోదు.

ఇక డబ్బు. 2020లో పట్టాలిచ్చిన పథకంలో ఇంటికి 1.80 లక్షలన్నారు. అదంతా ఒకేసారి రాదు. బేస్‌మెంట్ లెవెల్, రూఫ్ లెవెల్, స్లాబు... ఒక్కో దశ పూర్తయి, ఫొటో ఆన్‌లైన్‌లో ఎక్కాక ఆ దశకు ప్రభుత్వం వేసే సొమ్మే బిల్లు. అంటే మెరక, ఇనుము, మేస్త్రీ కూలి ముందుగా ఇంటివాళ్ళే పెట్టుకోవాలి. కూలికెళ్ళే కుటుంబం 50 వేలు మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 1,500. బిల్లు ఆరు నెలలు ఆలస్యమైతే 9,000. తలుపు కొనాల్సిన డబ్బు అది.

అమలాపురం దగ్గర ఒక కాలనీలో ఒకావిడ బేస్‌మెంట్ మీద పాత చీర పరిచి ఒడియాలు పెట్టుకుంటోంది. పక్కనే తాటాకు పాక. "ఎప్పుడు లేపుతావమ్మా?" అన్నాను. "బిల్లు పడితే గానీ ఇటుక రాదండి, ఇటుక వస్తే గానీ బిల్లు పడదండి" అంది. ఈ ముడి విప్పడమే మిమ్మల్ని అడగడానికి వచ్చాను.

వడ్డీ లేని పునాది నిధి పెట్టండి. 5 లక్షలు పోగైతే పది కుటుంబాలకు 50 వేల చొప్పున సర్దొచ్చు. బిల్లు పడగానే తిరిగి కడతారు, మరో పదిమందికి వెళుతుంది. ముస్లింలకు ఖర్జె హసన, అంటే వడ్డీ లేని అప్పు, ఉండనే ఉంది. లేవీయకాండం 25వ అధ్యాయం బీదవాడి దగ్గర వడ్డీ తీసుకోవద్దంటుంది. అన్నం పెట్టడమే పూజగా బతికిన డొక్కా సీతమ్మ గారి గడ్డ మీద హిందువులకు నేను కొత్తగా చెప్పేదేముంది? అమెరికాలో 1976లో క్రైస్తవ విశ్వాసంతో మొదలైన హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ కూడా ఇదే దారి పట్టింది. లాభం చూసుకోకుండా ఇల్లిచ్చి, ఇంటివాళ్ళను కూడా పనిలో చేయి వేయమంటుంది. వాళ్ళు వాయిదాల్లో కట్టే సొమ్ము ఇంకో ఇంటికి వెళుతుంది.

రెండు జాగ్రత్తలు. దేవాదాయ శాఖ కిందున్న గుడి హుండీ సొమ్ము దీనికి ముట్టుకోకండి, భక్తులు విడిగా వేసుకోండి. జకాత్ కూడా కలపొద్దు, అది తిరిగి తీసుకునే డబ్బు కాదు. ఇచ్చేది కూడా ఇటుక బట్టీకి, సిమెంటు కొట్టుకి నేరుగా కట్టి రసీదు పెట్టుకుంటే గొడవలుండవు.

డబ్బు లేని సంఘం కూడా నీళ్ళివ్వగలదు. అంతర్వేది వైపు, రొయ్యల చెరువుల పక్కన బోరు నీళ్ళు ఉప్పన. వాటితో కాంక్రీటు కలిపితే లోపల ఇనుము తుప్పు పట్టి, కొన్నేళ్ళకు స్లాబు పెచ్చులూడుతుంది. స్లాబు రోజున ఒక ట్యాంకరు మంచినీళ్ళు, ఆ తర్వాత రోజూ తడపడానికి నలుగురు యూత్ కుర్రాళ్ళు ఉంటే చాలు. టెన్షన్ సగం తగ్గుతుంది.

జాబితాలో పేరు ఎక్కించేటప్పుడు మాత్రం ఎవరు ఏ ప్రార్థనకు వెళతారని అడగొద్దు. గోడ మీద దాతల పేర్లు కూడా వద్దు. ఫ్యాను రెక్కల మీద ఎలాగూ రాయించుకుంటున్నాం కదా!

సంక్రాంతికి పునాది, వేసవిలో కాలువలకు నీళ్ళు ఆపేసేలోపు స్లాబు పడాలంటే, కార్తీకానికల్లా నిధి చేతిలో ఉండాలి. లెక్కల పుస్తకం ఒక్క సంఘం దగ్గరే ఉంటే మిగతా ఇద్దరికీ అనుమానం రావడం సహజం. ముగ్గురి సంతకాలుంటేనే బ్యాంకులో డబ్బు కదిలేలా ఖాతా తెరవొచ్చు. ఆ ముగ్గురూ ఎవరో ఇక్కడే అనుకోండి, నేను కూర్చుని వింటాను.