సెలవుల్లో మిగతా పూటలు

శ్రోతలందరికీ నమస్కారం.

సెలవులు దగ్గరపడుతున్నాయంటే, తిండి విషయంలో జాగ్రత్తగా ఉండేవాళ్లకు ఒక టెన్షన్ మొదలవుతుంది. నెలల తరబడి వేళకు తింటూ, తీపి తగ్గించుకుంటూ, రోజూ నడుస్తూ వచ్చారు. ఇప్పుడు వరుసగా ప్రయాణాలు, విందులు, చుట్టాల ఇళ్లు. ఎలా నెట్టుకురావాలా అని కొందరు బెంగపడతారు. ఇంకొందరు, ఎలాగూ పాడయ్యేదే కదా, తిరిగొచ్చాక చూసుకుందాం అని బయల్దేరకముందే చేతులెత్తేస్తారు. నన్నడిగితే విందులో తిన్న మిఠాయి కన్నా ఈ "తిరిగొచ్చాక చూసుకుందాం" అనే మాటే ఎక్కువ చేటు చేస్తుంది.

దీన్ని పరీక్షించి చూసినవాళ్లున్నారు. పీటర్ హెర్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1975లో ఒక ప్రయోగం వివరాలు ప్రచురించారు. కొందరు విద్యార్థినులకు ముందుగా మిల్క్ షేక్ ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. తర్వాత ఐస్‌క్రీమ్ ముందు పెట్టి, రుచి ఎలా ఉందో చెప్పండి, కావలసినంత తినండి అన్నారు. మామూలుగా తినే అలవాటున్నవాళ్లు మిల్క్ షేక్ తాగాక ఐస్‌క్రీమ్ తక్కువ తిన్నారు. ఎప్పుడూ నోరు కట్టుకుని ఉండేవాళ్లు మాత్రం, మిల్క్ షేక్ తాగితే ఐస్‌క్రీమ్ ఇంకా ఎక్కువ తిన్నారు. నియమం ఎలాగూ తప్పింది, ఇక ఆగడం దేనికి అన్న ధోరణి అది. మరీ కఠినంగా ఉండేవాళ్లలోనే ఈ జారుడు ఎక్కువ. అందుకే సెలవులకు వెళ్లేటప్పుడు "స్వీటు ముట్టను" లాంటి శపథాలు వద్దని చెబుతాను. మొదటి రోజే ఎవరో ప్రేమగా ఒక ముక్క చేతిలో పెడతారు. శపథం పోతుంది, దాంతోపాటు మిగతా రోజులూ పోతాయి.

అసలు ఒక్క విందు వల్ల ఎంత పాడవుతుందో కూడా చూద్దాం. అమెరికాలో 195 మంది పెద్దవాళ్ల బరువును ఏడాది చివరి పండగలకు ముందూ తర్వాతా తూచి చూసిన అధ్యయనం 2000లో వచ్చింది. ఆ వారాల్లో సగటున పెరిగింది 0.37 కిలో. అర కిలో కూడా లేదు! వాళ్లు మాత్రం అంతకన్నా చాలా ఎక్కువ పెరిగామనుకున్నారు. అయితే ఒక చిక్కుంది. పెరిగిన ఆ కాస్తా తర్వాతి వసంతంలో గానీ, వేసవిలో గానీ తగ్గలేదు. అంటే భయపడాల్సినంత లేదు, కానీ ఏటా అంత చేరుతూ పోతే పదేళ్లలో లెక్క మారిపోతుంది.

కాబట్టి నేను చెప్పదలచుకున్నది ఇది. పది రోజుల సెలవంటే, రోజుకు మూడు చొప్పున 30 పూటలు. వాటిలో మీరు నిజంగా ఎదురుచూసే భోజనాలు ఎన్నో లెక్కపెట్టండి. నాలుగో, అయిదో ఉంటాయి. వాటిని మనసారా తినండి. కేలరీలు లెక్కపెట్టకండి, పక్కవాళ్లకు లెక్క చెప్పకండి. మిగిలిన పాతిక పూటల్ని మాత్రం వదిలేయకండి. హోటల్లో పొద్దున తిన్నది, దారిలో ఆకలేసి కొన్నది, రాత్రి పొద్దుపోయాక ఏదో ఒకటిలే అని తెప్పించుకున్నది, ఊసుపోక నోట్లో వేసుకున్నది. ఏడాది తర్వాత వీటిలో ఒక్కటీ గుర్తుండదు. అంత ఆనందమూ ఇవ్వని తిండి కోసం ఆరోగ్యాన్ని పణంగా పెట్టడం నాకు బాధగా అనిపిస్తుంది.

మిగతా పూటల్లో నేను ముందు కాపాడుకోమనేది పొద్దున పూట. దానిమీద ఇంకా మన పట్టు ఉంటుంది. గుడ్లో, పెరుగో, ఉడికించిన పప్పుధాన్యాలో, ఏదో ఒక మాంసకృత్తులున్న పదార్థం, దాంతో ఒక పండు. అది కడుపులో పడితే మధ్యాహ్నం దాకా కనిపించినదల్లా కొనాలనిపించదు. రాత్రికి విందు ఉంది కదా అని పగలంతా మాడేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఎనిమిది గంటలు మాడి వెళ్లినవాళ్లు విందులో ఎంచుకోరు, ముందు కనిపించింది తినేస్తారు. బయల్దేరే ముందు కాస్త తేలిగ్గా తిని వెళ్తే అక్కడ నచ్చినవి నెమ్మదిగా తినొచ్చు.

బఫే సంగతి వేరే చెప్పాలి. ఒకే పదార్థం తింటూ పోతే దానిమీద ఇష్టం తగ్గుతుంది, పక్కన కొత్తది కనిపించగానే మళ్లీ తినాలనిపిస్తుంది. బార్బరా రోల్స్ అనే పరిశోధకురాలు 1980ల నుంచి దీనిమీద పని చేశారు. వంటకాల రకాలు పెరిగేకొద్దీ తినేదీ పెరుగుతుందని ఆ ప్రయోగాల్లో తేలింది. కడుపు నిండాక కూడా తీపి లోపలికి దిగడానికి ఇదొక కారణం. ప్లేటు తీసుకోకముందే ఒక చుట్టు తిరిగి అన్నీ చూసి, నచ్చిన మూడు నాలుగు ఎంచుకోండి. సగం ప్లేటు కూరగాయలకు పోనివ్వండి. ఎప్పుడంటే అప్పుడు ఇంట్లో దొరికేదాన్ని అక్కడ వదిలేయండి, అక్కడే దొరికేదాన్ని తినండి.

ఇక ప్రయాణం. దారిలో తిండి అదుపు తప్పడానికి మనం బలహీనులం కావడం కారణం కాదు. నిద్ర చాలకపోవడం చాలాసార్లు అసలు కారణం. షికాగో విశ్వవిద్యాలయంలో ఆరోగ్యంగా ఉన్న 12 మంది యువకుల్ని రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి పరీక్షించారు. ఆ ఫలితాలు 2004లో వచ్చాయి. కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ అనే హార్మోన్ 18 శాతం తగ్గింది, ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ 28 శాతం పెరిగింది. తీపి మీదా, పిండి పదార్థాల మీదా కోరిక బాగా పెరిగింది. తెల్లవారుజామున బండి ఎక్కినవాళ్లకు పదింటికల్లా బిస్కెట్లు, చిప్స్ తినాలనిపించేది ఇందుకే. అలాంటి రోజు ఆకలి వేయకముందే బ్యాగులో ఏదో ఒకటి ఉండాలి. వేయించని గింజలు, గట్టి పండ్లు, తక్కువ తీపి ఉన్నవేవైనా సరే. విమానమెక్కేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. చాలా విమానాశ్రయాల్లో పెరుగును, వేరుశనగ వెన్నను కూడా ద్రవాల కిందే లెక్కేసి 100 మిల్లీలీటర్లు దాటితే ఆపేస్తారు. కొన్ని దేశాలు పండ్లను లోపలికి రానివ్వవు, దిగేలోపే తినేయాలి.

విమానంలో గాలి ఒత్తిడి 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తున్న కొండమీద ఉన్నట్టు ఉంటుంది. తేమ 20 శాతం లోపే. నోరూ ముక్కూ ఎండిపోయి తీపి, ఉప్పు సరిగా తెలియవు. అక్కడ భోజనం చప్పగా అనిపించేది అందుకే. ఇంకాస్త ఉప్పు చల్లుకోవడం మానేసి నీళ్లు తాగండి. కడుపులో గాలి కూడా ఆ ఎత్తులో ఉబ్బుతుంది కనుక గ్యాస్ ఉన్న కూల్ డ్రింక్స్ వద్దు. అసలు కూల్ డ్రింక్ ఎక్కడ తాగినా లెక్క ఒకటే. 330 మిల్లీలీటర్ల మామూలు కోలా డబ్బాలో సుమారు 35 గ్రాముల చక్కెర ఉంటుంది. రోజుకు 2,000 కేలరీలు తినేవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన పరిమితి 50 గ్రాములు, 25కు తగ్గిస్తే ఇంకా మంచిదంటుంది. దాహానికి నీళ్లు చాలు. చక్కెర తినాలనుకుంటే మీకు ఇష్టమైన స్వీటులో తినండి.

ఆరోగ్యకరమైన తిండి అనుకుని పచ్చి సలాడ్‌లే తిని కడుపు చెడగొట్టుకునేవాళ్లూ ఉన్నారు. నీళ్ల మీద నమ్మకం లేని చోట వేడివేడిగా వండినది, మన చేత్తో తొక్క తీసుకున్న పండు మేలు. అయిదు డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్య వేడిలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. వండి రెండు గంటలకు మించి బయట ఉన్నదాన్ని, చూడటానికి ఎంత బాగున్నా వదిలేయండి.

షుగర్ ఉన్నవాళ్లకు ఒక మాట. ఇన్సులిన్‌ను చేతి సంచిలోనే పెట్టుకోండి, విమానం అడుగున వేసే లగేజీలో అది గడ్డకట్టవచ్చు. వేరే కాలమానంలోకి వెళ్తుంటే మందుల వేళలు ఎలా మార్చాలో బయల్దేరే ముందే డాక్టరును అడగండి. దారిలో ఆలోచించుకునే విషయం కాదది. భోజనం ఆలస్యమైతే చక్కెర పడిపోకుండా వెంటనే తీసుకోవడానికి గ్లూకోజు బిళ్లలు దగ్గరుండాలి.

ఆతిథ్యం ఇచ్చేవాళ్ల ప్రేమను ఎలా కాదంటాం అని చాలామంది అడుగుతారు. కాదనక్కర్లేదు. చిన్న ముక్క తీసుకుని, రుచి బాగుందని నోరారా చెప్పండి. డైట్‌లో ఉన్నానంటే చర్చ మొదలవుతుంది, బలవంతం పెరుగుతుంది. "చాలా బాగుంది, కడుపు నిండింది, కాసేపాగి తింటాను" అంటే ఎవరి మనసూ నొచ్చుకోదు. తిన్నాక వాళ్లనే వెంటబెట్టుకుని ఓ పావుగంట నడవండి. భోజనం తర్వాతి నడక రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగకుండా చేస్తుంది, మాట్లాడుకోవడానికీ సమయం దొరుకుతుంది.

తిరిగొచ్చిన మర్నాడే బరువు చూసుకుని కంగారు పడకండి. ఉప్పు ఎక్కువ తిన్నప్పుడు ఒంట్లో నీరు నిలుస్తుంది, పిండి పదార్థాలు నిల్వ ఉన్నప్పుడు వాటితోపాటు కొంత నీరూ చేరుతుంది. కిలో, కిలోన్నర తేడా కనిపిస్తే అందులో చాలావరకు నీరే, మామూలు తిండికి వస్తే కొద్ది రోజుల్లో పోతుంది. ఉపవాసాలతో దాన్ని సరిచేయబోవద్దు. వారం ఆగి తూచుకుంటే అసలు సంగతి తెలుస్తుంది. అప్పటికీ కొంచెం మిగిలి ఉంటే, ఆ నెలలోనే తగ్గించుకోండి. ప్రయాణానికి బయల్దేరే ముందే ఇంట్లో గుడ్లో, పప్పులో, ఫ్రీజర్లో కూరగాయలో ఉంచి వెళ్తే, అలసిపోయి తాళం తీసిన రాత్రి బయటి నుంచి తెప్పించుకోవాల్సిన పని ఉండదు.

సెలవు తీసుకుంటాను. నమస్కారం.