గుడ్డులో ఏముందో కోడి ఇల్లు చెబుతుందా?

అందరికీ నమస్కారం. ఈ పళ్లెంలో రెండు గుడ్లు కొట్టి పెట్టాను. ఒకదాని పచ్చసొన లేత పసుపు, రెండోది ముదురు నారింజ. బయట తిరిగిన కోడి పెట్టింది ఏదంటారు? చాలా చేతులు నారింజ వైపే లేచాయి. రెండూ కేజ్ కోళ్లవే, అంటే ఇరుకు తీగల పంజరాల్లో పెంచిన కోళ్లవేనండీ! దాణాలో బంతిపూల సారం, మిరప రంగు కలిపితే సొన అలా తయారవుతుంది. పెంకు రంగంటారా, అది కోడి జాతిని బట్టి వచ్చేది.

మరి కోడిని ఎక్కడ పెంచితే ఏం మారుతుంది? ప్రోటీన్ పెద్దగా మారదు. కేజ్‌లో ఉంచినా, షెడ్డులో ఊక మీద వదిలినా, ఆరుబయట తిప్పినా గుడ్డుకి సుమారు 6 గ్రాములే. కొలెస్ట్రాల్ సంగతీ దాదాపు అంతే.

మారేది పచ్చసొనలోని కొవ్వు, అందులో కరిగే విటమిన్లు. సొన ఉల్లిపాయలా పొర మీద పొరగా పెరుగుతుంది. కోడికి రోజు విడిచి రోజు కొవ్వులో కరిగే రంగు తినిపించి, అది పెట్టిన గుడ్డును ఉడకబెట్టి కోస్తే లోపల రంగు వలయాలు కనిపిస్తాయి. సొనలో ఎక్కువ భాగం చివరి పది రోజుల్లోనే చేరుతుంది కాబట్టి, అప్పుడు కోడి ఏం తిన్నదో అదే గుడ్డులోకి వస్తుంది. పచ్చగడ్డి, పురుగులు ఏరుకు తింటే ఒమేగా-3 అనే మంచి కొవ్వు పెరుగుతుంది. కేజ్ కోడికి అవిసె గింజలు పెట్టినా పెరుగుతుంది. ఈ విషయంలో నా ఓటు మేతకే, ఇంటికి, అంటే పెంచే చోటికి, కాదు.

విటమిన్ డి దగ్గర మాత్రం ఇల్లు గెలుస్తుంది. ఈకలు లేని కాళ్ల చర్మానికి ఎండ తగిలితే కోడి దాన్ని తనే తయారు చేసుకుంటుంది. 2014లో జర్మనీ పరిశోధకులు కొలిచి చూస్తే, ఎండలో తిరిగిన కోళ్ల సొనలో విటమిన్ డి3 లోపలి కోళ్లకన్నా మూడు నాలుగు రెట్లు ఉంది. అయితే షెడ్డు తలుపు తెరిచినంత మాత్రాన కోళ్లన్నీ బయటికి రావు. అడవికోడి వారసత్వం కదా, పైన గద్ద భయం! చెట్టో పొదో లేని మైదానంలోకి అడుగుపెట్టడానికి జంకుతాయి. వాటిని బయటికి రప్పించాలంటే ముందు నీడ వెయ్యాలి. ఇంకో చిక్కు: నేలలో డయాక్సిన్ల లాంటి విషాలుంటే, మట్టి పొడిచి తినే కోడి గుడ్డులోకి అవీ వస్తాయి.

అలాగని కేజ్‌ను వెనకేసుకు రావడం లేదు. ఐరోపాలో పాత కేజ్ కోడికి దక్కిన చోటు 550 చదరపు సెంటీమీటర్లు, అంటే ఎ4 కాగితమంత కూడా లేదు. 2012 నుంచి అక్కడ ఆ పాత కేజ్‌లను నిషేధించారు. గుడ్డులో బలం తగ్గిందని కాదు, కోడికి రెక్క విప్పే వీలు లేదని.