సిమెంటు తాపీ కింద పెట్టండి

అందరికీ నమస్కారం. పాత ఇటుక గోడల సందులకు సిమెంటు ఎందుకు వద్దో చెబుతాను, వీలైతే పొగగొట్టాల గురించీ. వేదిక మీది పెద్దల పేర్లు ఇందాకే చదివారు కాబట్టి నేరుగా గోడ దగ్గరికి వెళ్దాం.

ఇంగ్లండులో పాత ఇటుక ఫామ్‌హౌస్ ముందు నిలబడితే మొదట అల్లిక, అంటే ఇటుకలు పేర్చిన తీరు చూడండి. ఒక వరుస నిండా ఇటుకల పొడుగు వైపు, పై వరుస నిండా తలలు, అంటే పొట్టి వైపులు ఉంటే ఇంగ్లిష్ బాండ్. ఒకే వరుసలో పొడుగు, తల మారుతూ పోతే ఫ్లెమిష్ బాండ్. రైతు దర్జా అంతా ముందు గోడకే! వెనక్కి వెళ్తే చాలాచోట్ల చవక అల్లికే. మూలలో తల ఇటుక పక్కన రెండుంబావు అంగుళాల సన్నముక్క కనిపిస్తుంది, క్వీన్ క్లోజర్. అది లేకపోతే నిలువు సందులు ఒకదాని మీదొకటి పడి గోడకు పట్టు పోతుంది.

అక్కడ 1784లో వెయ్యి ఇటుకలకు రెండున్నర షిల్లింగుల పన్ను వేశారు. లెక్క ఇటుకకే కదా, బట్టీలవాళ్లు సైజు పెంచేశారు. 1803లో పెద్ద ఇటుకకు పన్ను రెట్టింపు చేశారు, 1850లో మొత్తం ఎత్తేశారు. అందుకే ఇటుక మందం ఇంటి వయసుకు ఒక ఆనవాలు. ఒక్క ఆనవాలే సుమండీ, అదే పట్టుకుని తేదీ చెప్పకండి.

పొగగొట్టాల గురించి చెబుతానన్నాను. ఆగండి, ముందు సున్నం సంగతి తేలాలి. ఆ గోడలు సున్నంతో కట్టినవి. మన గానుగ సున్నంలాగే అదీ తేమను బయటికి వదులుతుంది. సందుల్లో సిమెంటు కూరితే ఆ దారి మూసుకుపోయి నీరు ఇటుకలోంచే బయటికి రావాలి. చలికాలంలో అది గడ్డకట్టి ఉబ్బుతుంది, ఇటుక ముఖం పెచ్చుగా ఊడుతుంది. బట్టీలో కాలి గట్టిపడిన పైపొర పోయాక లోపలంతా మెత్తన. కొన్నేళ్లకు ఇటుక గుంటపడి, సిమెంటు గీతలు మాత్రం తేనెపట్టు గదుల్లా నిలబడతాయి. చూశారా ఎప్పుడైనా? ఈసారి చూడండి.

మరమ్మతుకు సందులోని పాడైన పూతను సందు వెడల్పుకు రెట్టింపు లోతు దాకా చేతి ఉలితో తీయండి, గ్రైండర్ వద్దు. గోడ తడపండి. ఒక వంతు సున్నానికి రెండున్నర నుంచి మూడు వంతుల గరుకు ఇసుక కలిపి కూరండి. చలి 5 డిగ్రీల కిందికి దిగే రోజుల్లో పని పెట్టుకోవద్దు. తడి గోనెపట్టా కప్పి మెల్లగా ఆరనివ్వండి. పాత సిమెంటు ఇటుక అంచును గట్టిగా పట్టుకుని ఉంటే పెరకకండి, అంచూ ఊడొస్తుంది. వదులైనదే తీయండి.

పొగగొట్టాలకు వేళ మించిపోయింది. అక్కడ వానదెబ్బ ఎక్కువ, నీటిలోనూ గట్టిపడే సున్నం వాడండి. సిమెంటు మాత్రం అక్కడా వద్దు.