కొత్త పీసీలో ర్యామ్ సంగతి విండోస్ ఎక్కించకముందే తేల్చుకోండి

[తెర: టేబుల్ మీద పక్కకు పడుకోబెట్టిన క్యాబినెట్. సైడ్ గ్లాస్ తీసేసి ఉంది. మదర్‌బోర్డ్ మూలన చిన్న పసుపు లైటు వెలుగుతోంది.]

నమస్కారం. కొత్తగా పీసీ బిల్డ్ చేసుకున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేవి రెండే ప్రశ్నలు. "అక్కా, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, డిస్‌ప్లే రావట్లేదు" అనేది ఒకటి. "డిస్‌ప్లే వచ్చింది, విండోస్ ఎక్కింది, కానీ ఉన్నట్టుండి బ్లూ స్క్రీన్ వస్తోంది" అనేది రెండోది. రెండింట్లోనూ చాలాసార్లు తీగ లాగితే డొంక ర్యామ్ దగ్గర కదులుతుంది. మొదటిది చూసి అందరూ కంగారు పడతారు. నన్నడిగితే భయపడాల్సింది రెండోదానికి.

డిస్‌ప్లే రాకపోతే పని ఆగుతుంది, అంతే. ర్యామ్ అప్పుడప్పుడు ఒక్క బిట్, అంటే ఒక 0 గానీ 1 గానీ, తప్పుగా చెబుతుంటే మాత్రం కంప్యూటర్ నడుస్తూనే ఉంటుంది. మీరు ఫోన్‌లోంచి పెళ్లి ఫొటోలు కాపీ చేస్తారు. ఆ ఫైల్ ర్యామ్ మీదుగానే డిస్క్‌లోకి వెళ్తుంది. మధ్యలో ఒక బిట్ మారిందనుకోండి, పాడైన ఫైలే డిస్క్‌లో పడుతుంది. ఎలాంటి హెచ్చరికా రాదు. ఏడాది తర్వాత ఆ ఫొటో తెరిస్తే సగం బూడిద రంగులో కనిపిస్తుంది. అసలు కాపీ ఎప్పుడో ఫోన్‌లోంచి తీసేసి ఉంటారు. అందుకే ర్యామ్ పరీక్ష పాసయ్యాకే విండోస్ ఎక్కించండి అని ఇంత గట్టిగా చెబుతున్నాను.

[తెర: కెమెరా మదర్‌బోర్డ్ దగ్గరికి వెళ్తుంది.]

ఈ మెషిన్ బెజవాడ సత్యనారాయణపురం నుంచి వచ్చిన ఒక తమ్ముడిది. ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. గవర్నర్‌పేటలో పార్టులు కొని ఇంట్లో తనే బిగించుకున్నాడు. ఏఎండీ ప్రాసెసర్లు పట్టే ఏఎం5 సాకెట్ బోర్డు, ఏఎండీ రైజెన్ 7000 సిరీస్ ప్రాసెసర్, డీడీఆర్5 తరం ర్యామ్ 16 జీబీ స్టిక్కులు రెండు.

తమ్ముడు: స్విచ్ వేశానక్కా. ఫ్యాన్లన్నీ తిరిగాయి. స్క్రీన్ నల్లగానే ఉంది. ఒక నిమిషం చూసి ఆపేశా. మళ్లీ వేసినా అంతే. షాపులో అడిగితే ర్యామ్ పోయుంటుంది, తీసుకురా అన్నారు.

నేను: ఆ పసుపు లైటు పక్కన ఏం రాసుందో చూశావా?

తమ్ముడు: డీర్యామ్ అని ఉందక్కా. అందుకే ర్యామ్ పోయిందనుకున్నా.

ఈ లైటు వెలగగానే ర్యామ్ పోయిందని తీర్పు చెప్పకండి. బోర్డు ప్రస్తుతం ర్యామ్ పని చూస్తోందని అర్థం. డీడీఆర్5 చాలా వేగంగా నడుస్తుంది కాబట్టి, ప్రాసెసర్‌కీ స్టిక్కుకీ మధ్య ఉన్న ప్రతి లైనులో సిగ్నల్‌ను ఏ క్షణంలో చదవాలో బోర్డు మొదటిసారి కొలిచి చూసుకోవాలి. దీన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. ఏఎం5 బోర్డుల మీద మొదటి బూట్‌లో ఇది కొన్ని నిమిషాలు పడుతుంది. ర్యామ్ ఎంత ఎక్కువుంటే అంత ఆలస్యం. అంతసేపూ స్క్రీన్ నల్లగానే ఉంటుంది, లైటు వెలుగుతూనే ఉంటుంది, మధ్యలో మెషిన్ తనంతట తానే రీస్టార్ట్ కూడా కావచ్చు. నిమిషానికోసారి పవర్ బటన్ నొక్కితే ఆ పని ప్రతిసారీ మొదటికొస్తుంది. స్విచ్ వేసి ఓ పావుగంట దాని జోలికి వెళ్లకండి.

[తెర: మానిటర్ మీద బయోస్, అంటే విండోస్ కంటే ముందు నడిచే బోర్డు సొంత సాఫ్ట్‌వేర్. మెమరీ 16 జీబీ అని కనిపిస్తోంది.]

చూశారా, వదిలేస్తే డిస్‌ప్లే వచ్చింది. కానీ పెట్టింది 32, చూపిస్తున్నది 16. అంటే ఒక స్టిక్కు బోర్డుకి కనబడటం లేదు. పవర్ ఆపి, ప్లగ్ తీసేసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదలండి. లోపల మిగిలిన కరెంట్ పోతుంది. స్టిక్కు ముట్టుకునేముందు క్యాబినెట్ లోపల రంగు వేయని లోహాన్ని ఒకసారి తాకండి. బెజవాడ గాలిలో తేమ ఎక్కువే గానీ ఏసీ వేసిన గది సంగతి వేరు.

[తెర: స్లాట్ రెండు చివరలూ బాగా దగ్గరగా.]

ఈ బోర్డులో స్లాట్‌కి లాక్ ఒకవైపే ఉంది. పై చివర క్లిప్ ఉంది, గ్రాఫిక్స్ కార్డు వైపున్న కింది చివర కదలదు. తమ్ముడు పైవైపు నొక్కాడు, టక్‌మని క్లిప్ పడింది, అయిపోయిందనుకున్నాడు. కింది చివర చూడండి. మొదటి స్టిక్కు బంగారు రంగు పిన్నులు పూర్తిగా లోపలికి వెళ్లాయి. రెండో దానికి సన్నటి బంగారు గీత ఇంకా బయట కనిపిస్తోంది. మిల్లీమీటరు కూడా ఉండదు, అదే 16 జీబీని మాయం చేసింది. ముందు కదలని చివర గాడిలో దించండి, తర్వాత రెండు బొటనవేళ్లతో రెండు చివరలా సమానంగా నొక్కండి. కాస్త బలం పడుతుంది. బోర్డు కొంచెం వంగినట్టు అనిపిస్తే బెదరకండి. స్టిక్కులో గాడి, స్లాట్‌లో పుల్ల ఎదురెదురుగా లేకపోతే మాత్రం బలం ఉపయోగించొద్దు. డీడీఆర్4కీ డీడీఆర్5కీ పిన్నులు 288 చొప్పునే ఉన్నా గాడి చోటు వేరు. ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి పట్టదు.

స్లాట్లు నాలుగుంటే, స్టిక్కులు రెండైతే, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోదాంట్లో, నాలుగోదాంట్లో పెట్టండి. దాదాపు అన్ని బోర్డులకూ ఇదే లెక్క. మాన్యువల్‌లో ఏ2, బీ2 అని ఉంటుంది. ఒకటీ రెండూ స్లాట్లలో గానీ, మూడూ నాలుగూ స్లాట్లలో గానీ పెడితే రెండూ ఒకే ఛానెల్‌లో, అంటే ప్రాసెసర్‌కి వెళ్లే ఒకే దారిలో పడతాయి, వేగం తగ్గుతుంది, ఒక్కోసారి బూటే కాదు.

మన దగ్గర ఏ రిపేరు షాపుకి వెళ్లినా ర్యామ్ తీసి, పిన్నుల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ఉఫ్‌మని ఊది పెడతారు. పాత మెషిన్‌లో పిన్నుల మీద మురికి పట్టినప్పుడు అది పనిచేసిన మాట నిజమే. కొత్త స్టిక్కు మీద వద్దు. ఆ బంగారు పూత చాలా పలచన, రుద్దితే అరుగుతుంది. రబ్బరు పొడి స్లాట్‌లో పడుతుంది. ఊదితే నోటి తడి చేరుతుంది. చాలాసార్లు బాగుచేసేది రబ్బరు కాదు, తీసి మళ్లీ సరిగ్గా పెట్టడమే. తుడవాల్సే వస్తే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తటి గుడ్డ చాలు.

[తెర: బయోస్‌లో మెమరీ 32 జీబీ, స్పీడ్ 4800.]

తమ్ముడు: 32 వచ్చిందక్కా! కానీ నేను కొన్నది 6000 కదా, 4800 చూపిస్తోందేంటి?

నేను: ఉండు, అది తప్పు కాదు. 6000 ఆన్ చేసేముందు ఒక పని ఉంది.

బాక్సు మీద రాసిన స్పీడ్ దానంతట అది రాదు. ఏమీ మార్చకపోతే స్టిక్కు జెడెక్ (మెమరీ ప్రమాణాలు నిర్ణయించే సంస్థ) ప్రమాణం ప్రకారం నడుస్తుంది, డీడీఆర్5కి అది సాధారణంగా 4800, వోల్టేజ్ 1.1. బాక్సు మీది 6000 అనేది ఓవర్‌క్లాక్ ప్రొఫైల్, అంటే ఆ ప్రమాణాన్ని దాటించి నడిపే సెట్టింగులు. ఇంటెల్ వైపు దాని పేరు ఎక్స్‌ఎంపీ, ఏఎండీ వైపు ఎక్స్‌పో. అది ఆన్ చేస్తే స్పీడ్, టైమింగ్‌లు, వోల్టేజ్ అన్నీ మారతాయి, ఇలాంటి కిట్లలో వోల్టేజ్ 1.35 దాకా వెళ్తుంది. రైజెన్ 7000కి రెండు స్టిక్కులతో ఏఎండీ అధికారికంగా చెప్పింది 5200. నాలుగు స్టిక్కులు పెడితే 3600 మాత్రమే. కాబట్టి మొదటి పరీక్ష ఎప్పుడూ డిఫాల్ట్‌లోనే. డిఫాల్ట్‌లోనే తప్పులొస్తే ఎక్కడో పార్టులోనే లోపం. ప్రొఫైల్ వేశాకే వస్తే కథ వేరు. మొదటి రోజే ప్రొఫైల్ ఆన్ చేసేస్తే ఈ రెండింటి తేడా తెలుసుకునే దారి ఉండదు.

[తెర: పెన్‌డ్రైవ్. తర్వాత మెమ్‌టెస్ట్ స్క్రీన్.]

పరీక్షకి మెమ్‌టెస్ట్86 గానీ, ఓపెన్ సోర్స్‌లో వచ్చే మెమ్‌టెస్ట్86 ప్లస్ గానీ తీసుకోండి. వేరే కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్ మీదకు ఎక్కించాలి, అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది. దాంతో బూట్ చేస్తే చాలు, విండోస్ అక్కర్లేదు. మెమ్‌టెస్ట్86 ఉచిత వెర్షన్ 4 పాస్‌లు, అంటే మొత్తం పరీక్ష నాలుగుసార్లు, తిరుగుతుంది. 32 జీబీకి గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి. విండోస్‌లో ఉండే మెమరీ డయాగ్నస్టిక్ తప్పు పట్టుకుంటే నమ్మండి. అది బాగుందని చెప్పినంత మాత్రాన మాత్రం నిశ్చింతగా ఉండొద్దు, అంత లోతుగా వెతకదు.

ఎన్ని తప్పులదాకా ఫర్వాలేదని అడుగుతారు. ఒక్కటి కూడా ఉండకూడదు.

[తెర: చేత్తో గీసిన బొమ్మ. ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్.]

దీనికి కారణం తెలియాలంటే ఒక బిట్ లోపలికి తొంగిచూడాలి. ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్, అంతే. ఐబీఎంలో రాబర్ట్ డెనార్డ్‌కి 1968లో పేటెంట్ వచ్చిన ఈ ఏర్పాటే ఇప్పటికీ మన ర్యామ్‌లకు ఆధారం. 16 జీబీ స్టిక్కులో ఇలాంటివి దాదాపు 13,744 కోట్లు. కెపాసిటర్‌లో ఛార్జ్ ఉంటే 1, లేకపోతే 0. ఆ కెపాసిటర్ చిల్లు కుండ లాంటిది, పోసిన నీళ్లు కారుతూనే ఉంటాయి. పూర్తిగా ఖాళీ అయ్యేలోపు చదివి మళ్లీ నింపాలి. డీడీఆర్4లో ప్రతి సెల్‌నీ 64 మిల్లీసెకన్లలోపు, డీడీఆర్5లో 32 మిల్లీసెకన్లలోపు ఇలా నింపుతారు. వేడెక్కితే ఛార్జ్ ఇంకా త్వరగా పోతుంది. చిప్ 85 డిగ్రీలు దాటితే నింపే వేగం రెట్టింపు చేయాలని ప్రమాణాల్లోనే ఉంది. ఓవర్‌క్లాక్ ప్రొఫైల్‌లో అంత వేడి కూడా అక్కర్లేదు, చాలా ముందే తప్పులు మొదలుకావచ్చు.

ఇప్పుడు బెజవాడ మే నెల గుర్తు తెచ్చుకోండి. బయట 43, 44. కంప్యూటర్ టేబుల్ కింద చెక్క అరలో క్యాబినెట్, వెనక గోడ. జనవరి రాత్రి ఏసీ గదిలో శుభ్రంగా పాసైన ర్యామ్ ఈ మధ్యాహ్నం తప్పులు చెప్పడంలో వింతేమీ లేదు. అందుకే డిఫాల్ట్ పరీక్ష రాత్రి చేసినా, ప్రొఫైల్ ఆన్ చేశాక చేసే పరీక్ష మధ్యాహ్నం పెట్టమంటాను. ఏసీ ఆపి, గ్లాస్ మూసి, క్యాబినెట్ రోజూ ఉండే చోటే ఉంచి.

[తెర: ఎర్రటి అక్షరాలతో మెమ్‌టెస్ట్ స్క్రీన్.]

తమ్ముడి మెషిన్ డిఫాల్ట్‌లో రాత్రంతా ఒక్క తప్పు లేకుండా తిరిగింది. 6000 వేసి మధ్యాహ్నం పెడితే ఇదిగో, ఎరుపు.

తమ్ముడు: అయితే స్టిక్కు మార్చాల్సిందేనా అక్కా?

నేను: ముందు బయోస్ వెర్షన్ చూద్దాం.

బోర్డు ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి పాత బయోసే ఉంది. ఏఎం5 బోర్డులకు తర్వాత వచ్చిన అప్‌డేట్లలో ర్యామ్‌తో పొందిక బాగా మెరుగైంది. అప్‌డేట్ చేసేముందు స్పీడ్ మళ్లీ డిఫాల్ట్‌కి తెచ్చుకోండి, మెషిన్‌ను యూపీఎస్ మీద పెట్టండి. బయోస్ రాస్తున్నప్పుడు కరెంట్ పోతే బోర్డే లేవకపోవచ్చు. అప్‌డేట్ అయ్యాక ప్రొఫైల్ ఆన్ చేశాం, ట్రైనింగ్ కోసం మళ్లీ కాసేపు నల్ల స్క్రీన్, మళ్లీ మధ్యాహ్నం పరీక్ష. ఈసారి 6000లో ఎరుపు రాలేదు. ఇప్పుడు విండోస్ ఎక్కించుకోవచ్చు.

అప్పటికీ తప్పులొస్తే 5600కి దించి చూడండి, వాడేటప్పుడు ఆ తేడా పెద్దగా తెలియదు. వోల్టేజ్ మాత్రం ఊహించి పెంచొద్దు. ఏ మార్పుతో అయినా అసలు బూటే కాకపోతే, ప్లగ్ తీసి బోర్డు మీది గుండ్రటి సెల్ కొన్ని నిమిషాలు తీసి పెట్టండి, బయోస్ మొదటి స్థితికి వస్తుంది.

[తెర: ఒకే స్టిక్కు ఉన్న బోర్డు.]

డిఫాల్ట్‌లోనే తప్పులొస్తున్నవాళ్లు ఒక స్టిక్కు తీసి పక్కన పెట్టండి. ఒక స్టిక్కు, ఒక స్లాట్, ఒక పరీక్ష. తర్వాత రెండో స్టిక్కు, అదే స్లాట్‌లో. ఏ స్లాట్‌లో పెట్టినా ఒకే స్టిక్కు తప్పులు చెబితే దోషం దానిదే. ఏ స్టిక్కు పెట్టినా ఒకే స్లాట్‌లో తప్పులొస్తే స్టిక్కుల జోలికి పోకండి. బోర్డు చూడాలి, ప్రాసెసర్ చూడాలి. మెమరీ కంట్రోలర్ ఉండేది ప్రాసెసర్ లోపలే. ఏఎం5లోనూ ఇంటెల్‌లోనూ పిన్నులు సాకెట్‌లో ఉంటాయి. ఒక్క పిన్ను వంగినా ఒక ఛానెల్ మొత్తం పోవచ్చు. కూలర్ స్క్రూలు ఒకవైపు బాగా బిగించి ఇంకోవైపు వదులుగా ఉంచినా ఇలాగే అవుతుంది. చూడటానికి ఇది అచ్చం ర్యామ్ పోయినట్టే ఉంటుంది, స్టిక్కులు మారుస్తూ పోతే ఎన్నటికీ తెగదు.

బ్లూ స్క్రీన్ గురించి ఒక గుర్తు. ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్ అని, ఇంకోసారి పేజ్ ఫాల్ట్ అని, మరోసారి ఐఆర్‌క్యూఎల్ అని, ఇలా కోడ్ రోజుకొకటి మారుతుంటే ర్యామ్‌ను అనుమానించండి. ఎప్పుడూ ఒకే కోడ్, ఒకే ఫైల్ పేరు వస్తుంటే ముందు డ్రైవర్ చూసుకోండి.

జబ్బు కానివీ కొన్ని ఉన్నాయి. 16 జీబీలో 13.9 మాత్రమే వాడుకోవచ్చని విండోస్ చూపిస్తే, మిగతాది ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ తీసుకుని ఉండొచ్చు. పార్టుల వివరాలు చూపించే సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్‌లో 6000 బదులు 3000 కనిపిస్తే, అది క్లాక్, ఒక్కో క్లాక్‌కి డేటా రెండుసార్లు కదులుతుంది.

[తెర: ర్యామ్ బాక్సు, బిల్లు.]

స్టిక్కే పోయిందని తేలితే మెమ్‌టెస్ట్ ఎర్ర స్క్రీన్ ఫొటో తీసుకోండి. "డిస్‌ప్లే వస్తోంది కదా, బాగానే ఉంది" అని కౌంటర్ దగ్గర అన్నప్పుడు చూపించడానికి అదే ఆధారం. పేరున్న కంపెనీలు చాలావరకు ర్యామ్‌కి లైఫ్‌టైమ్ వారంటీ ఇస్తాయి, బిల్లు ఉంచుకోండి, స్టిక్కర్ పీకొద్దు, హీట్ స్ప్రెడర్ (స్టిక్కు మీది లోహపు తొడుగు) విప్పొద్దు. కిట్‌గా కొన్నవాళ్లు సాధారణంగా రెండు స్టిక్కులూ కలిపి ఇవ్వాల్సి వస్తుంది. జోడీని కలిపే పరీక్షించి అమ్ముతారు. పోయిన ఒక్కదాని బదులు విడి స్టిక్కు కొని కలిపితే, పేరు ఒకటే అయినా లోపలి చిప్‌లు వేరే ఉండొచ్చు. ర్యామ్ పాడై ఉండగా ఎక్కించిన విండోస్‌ను ఉంచుకోవద్దు, కొత్త కిట్ పరీక్ష పాసయ్యాక మొదటి నుంచి ఎక్కించండి. ఆ రోజుల్లో కాపీ చేసిన ఫైళ్లుంటే, ఫోన్‌లో అసలువి తీసేయకముందే ఒక్కొక్కటి తెరిచి చూసుకోండి.