రౌటర్ ఆ మూల, అక్వేరియం ఈ మూల: మధ్యలో ఈ చిన్న డబ్బా పనికొస్తుందా?

నమస్తే అండి. ఇప్పుడు మీకు కనిపిస్తున్నది ట్యాంక్ కింద క్యాబినెట్. ఎడమ పక్కన సంప్, అంటే ట్యాంక్ నీళ్లు దిగి శుభ్రమయ్యే తొట్టి. కుడి గోడకి బిగించింది కంట్రోలర్, ట్యాంక్ హీటర్, లైట్లు, పంపులు నడిపేది. రౌటర్ ఇంటికి ఆ చివర ఉంది, మధ్యలో మూడు గోడలు. నా కంట్రోలర్ పాతది, వైఫై లేదు, ఒక్క లాన్ పోర్టే ఉంది. అందుకే ఈ వైఫై ఎక్స్‌టెండర్ తీసుకున్నా, అడుగున లాన్ పోర్ట్ ఉన్న రకం. రెండు నెలలు వాడాను, ఎలా ఉందో చెప్తాను.

కంట్రోలర్ తన పని చేసుకోవడానికి నెట్ అక్కర్లేదండి. హీటర్, లైట్లు, పంపులు ఏది ఎప్పుడు ఆన్ అవ్వాలో దాని మెమరీలోనే ఉంటుంది. నెట్ కావాల్సింది మనకి కబురు పంపడానికి. ఒక రాత్రి నా రిటర్న్ పంప్, అంటే సంప్ నుంచి నీళ్లని మళ్లీ ట్యాంక్‌లోకి పంపేది, ఆగిపోయింది. కంట్రోలర్ కనిపెట్టింది, లాగ్‌లో టైంతో సహా రాసుకుంది. కానీ అప్పట్లో నేను వాడిన కనెక్షన్ తెగిపోయి ఉంది, ఫోన్‌కి ఏమీ రాలేదు. పొద్దున్నే వచ్చి చూస్తే చేపలన్నీ నీటి పైకొచ్చి నోళ్లు తెరిచి గాలి కోసం కొట్టుకుంటున్నాయి. అవి బతికాయి కానీ, ఆ దృశ్యం నేను మర్చిపోలేను. అందుకే ఈ రివ్యూలో స్పీడ్ టెస్ట్ పెట్టలేదు. టెంపరేచర్, పీహెచ్ అంకెలు పంపడానికి పెద్ద స్పీడ్ ఏం కావాలి? లింక్ తెగకుండా ఉందా లేదా, అదొక్కటే చూశాను.

మొదట నేను చేసిన తప్పు, డబ్బాని ఈ క్యాబినెట్‌లోనే పెట్టడం. ఇదిగో, ఫోన్‌లో సిగ్నల్ యాప్ చూడండి. గది మధ్యలో నిలబడితే మైనస్ 61. ఇప్పుడు ఫోన్ లోపల పెట్టి తలుపు వేస్తున్నా... మైనస్ 79. సున్నాకి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది, మైనస్ 67 దాటి కిందికి పోతే నాకు నమ్మకం ఉండదు. కారణం పైనున్న ట్యాంకే. వైఫై తరంగాల్ని నీళ్లు బాగా పీల్చేస్తాయి, నా ట్యాంక్‌లో ఉన్నలాంటి ఉప్పునీళ్లు ఇంకా ఎక్కువ. అంటే మన ట్యాంకే సిగ్నల్‌కి అడ్డుగోడ. పైగా ఉప్పు తేమకి ప్లగ్ పిన్నుల మీద తెల్లటి పొర కడుతుంది. చూడండి, గోరుతో గీకితే రాలుతోంది.

అందుకే డబ్బాని ఇక్కణ్ణుంచి తీసేసి, నడవాలో సిగ్నల్ బాగున్న ప్లగ్‌కి పెట్టాను. అక్కణ్ణుంచి కంట్రోలర్ దాకా ఎనిమిది మీటర్ల లాన్ కేబుల్ లాగాను. ఆ రోజు నుంచి లింక్ తెగలేదు. కేబుల్ మాత్రం కంట్రోలర్ పోర్ట్ కన్నా కొంచెం కిందికి వేలాడి, మళ్లీ పైకి వెళ్లి అందులో దూరాలి. అప్పుడు వైరు వెంబడి జారిన నీళ్లు ఆ వంపు దగ్గరే నేల మీద పడతాయి, పోర్ట్‌లోకి పోవు.

సెట్టింగ్స్‌లో చాలామంది ఇరుక్కునేది మోడ్ దగ్గరే. ఇందులో రౌటర్ మోడ్, రిపీటర్ మోడ్, క్లయింట్ మోడ్ ఉన్నాయి. మనకి కావాల్సింది క్లయింట్, అంటే రౌటర్ వైఫైని అందుకుని లాన్ పోర్ట్‌కి ఇచ్చేది. రౌటర్ మోడ్‌లో పెడితే ఇది వేరే నెట్‌వర్క్ తయారుచేస్తుంది. నాకు అదే జరిగింది, ఫోన్‌కి 192.168.0 తో మొదలయ్యే అడ్రస్, కంట్రోలర్‌కి 192.168.1 తో మొదలయ్యేది. క్లౌడ్ యాప్‌లో, అంటే బయటి సర్వర్ ద్వారా చూపేదాంట్లో, అంకెలు వస్తున్నాయి, ఇంట్లో నుంచి నేరుగా తెరిస్తే మాత్రం పేజీ రాదు. ఒక సాయంత్రమంతా పోయింది.

రౌటర్‌లో కంట్రోలర్‌కి ఎప్పుడూ ఒకే ఐపీ, అంటే ఇందాక చెప్పిన నెట్‌వర్క్ అడ్రస్, కేటాయించుకోండి. రౌటర్ పరికరాన్ని గుర్తుపట్టేది మ్యాక్ అడ్రస్‌తో. కొన్ని డబ్బాలు కంట్రోలర్ మ్యాక్ అడ్రస్ బదులు తమది చూపిస్తాయి, అప్పుడు కంట్రోలర్‌లోనే స్టాటిక్ ఐపీ, అంటే మారనిది, ఇచ్చేయాలి. గోడలు దాటాలి కాబట్టి 2.4 గిగాహెర్ట్జ్ వాడండి, ఛానెల్ ఆటోలో వదలకుండా 1, 6, 11లో ఖాళీగా ఉన్నదానికి ఫిక్స్ చేయండి.

మీలో కొందరు పవర్‌లైన్ అడాప్టర్ల గురించి కూడా అడిగారు. కరెంటు వైర్ల మీదే డేటా పంపేవి. అదీ ప్రయత్నించాను. నేరుగా గోడ సాకెట్‌కే పెట్టాలి, ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి కాదు. నా దగ్గర ఎల్ఈడీ లైట్లు పూర్తిగా వెలిగే టైంకి పింగ్, అంటే కబురు వెళ్లి రావడానికి పట్టే టైం, తడబడేది. మీ వైరింగ్ బాగుంటే మీకు బాగానే పనిచేయొచ్చు, నేను మాత్రం తీసేశాను.

మరి అన్నిటికన్నా మంచిది ఏది? నిజం చెప్పాలంటే రౌటర్ నుంచి నేరుగా లాగిన లాన్ కేబులే. వంద మీటర్ల దాకా ఇబ్బంది ఉండదు, క్యాట్ 5ఈ సరిపోతుంది, పూర్తి రాగిది చూసి తీసుకోండి. సొంతిల్లైతే, గోడకి రంధ్రం వేసే వీలుంటే ఈ డబ్బా కొనకండి. అద్దె ఇంట్లో ఉండేవాళ్లకి, కేబుల్ లాగే దారి లేనివాళ్లకి మాత్రం ధైర్యంగా తీసుకోమంటాను. కరెంటు పోయి వచ్చాక తనంతట తానే మళ్లీ కలుస్తుంది, సరిగ్గా అమర్చాక ఒక్కసారీ చెయ్యి పెట్టాల్సి రాలేదు. నచ్చనిది, దీని నీలం లైట్ ఆపే సెట్టింగ్ లేదు. రాత్రి నడవా అంతా వెలుగే.

యూపీఎస్ ఉన్నవాళ్లు రౌటర్‌నీ కంట్రోలర్‌నీ దానికి కలిపేసి, మధ్యలో ఉన్న ఈ డబ్బాని మర్చిపోతారు. ఇది ఆరిపోతే ఆ రెండూ వెలుగుతున్నా కబురు రాదు.

చివరగా, మీ కంట్రోలర్ క్లౌడ్ సర్వీసులో 'కనెక్షన్ పోయింది' అనే అలర్ట్ ఉంటే ఆన్ చేసి, పరీక్షించండి. కెమెరా ముందే చేస్తా. కేబుల్ పీకేశాను, పోర్ట్ లైట్ ఆరింది. ఫోన్ ఇక్కడే పెడుతున్నా, ఎంతసేపైనా ఆగుదాం... వచ్చింది. విన్నారా ఆ శబ్దం? ఇక కేబుల్ పెట్టేస్తున్నా.