120 పేజీల్లో పట్టని కథ: రేకి కవహరా, స్వోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్

[తెర మీద: ఖాళీ తెల్ల కాగితం, మూలన 120 అనే అంకె]

మన వారపత్రికల్లో కథల పోటీ ప్రకటనలు చదివే అలవాటుంటే మీకో షరతు గుర్తుండే ఉంటుంది. "అరఠావులో ఇన్ని పేజీలకు మించరాదు." జపాన్‌లో ఒక రచయిత సరిగ్గా అలాంటి షరతు దగ్గరే ఆగిపోయారు. 2002లో డెంగెకి సంస్థ పెట్టే నవలల పోటీకి పంపాలని ఆయన ఒక కథ రాశారు. పోటీకి హద్దు 120 పేజీలు. కథ ఆ హద్దు దాటేసింది. కోసి కుదించడం ఆయన వల్ల కాలేదు. దాంతో పంపనే లేదు.

ఆ కథ పేరు స్వోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్. రాసినాయన రేకి కవహరా. ఇవాళ ఆ లైట్ నవల సిరీస్ ప్రపంచవ్యాప్తంగా 3 కోట్లకు పైగా కాపీలు అమ్ముడైంది.

ముందుగా, లైట్ నవల అంటే ఏంటో తెలియని వాళ్లకు రెండు ముక్కలు. జేబులో పట్టే చిన్న సైజు పుస్తకం. అట్ట మీద, లోపల అక్కడక్కడా యానిమే (జపాన్ యానిమేషన్) తరహా బొమ్మలు. చిన్న పేరాలు, ఎక్కువ సంభాషణలు. హైస్కూలు, కాలేజీ పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని రాస్తారు, పెద్దవాళ్లూ బాగానే చదువుతారు. చాలా వరకు ఒక్క పుస్తకంతో అయిపోవు, సంపుటాలుగా సాగుతూనే ఉంటాయి. ఈ రంగంలో పెద్ద పేరు డెంగెకి బుంకో అనే పుస్తకాల శ్రేణి, 1993లో మొదలైంది. కొత్త రచయితలకు దాని గుమ్మం ఆ పోటీనే.

[తెర మీద: జపాన్ మ్యాప్, గున్మా ప్రిఫెక్చర్ హైలైట్]

కవహరా 1974 ఆగస్టు 17న గున్మా ప్రిఫెక్చర్‌లోని తకసాకిలో పుట్టారు. ఆన్‌లైన్ గేములంటే పిచ్చి. వేలమంది ఒకేసారి ఆడే గేముల్లోకి జనం అప్పుడప్పుడే ఎగబడుతున్న రోజులవి. పోటీకి పంపలేకపోయిన కథను ఆయన 2002లోనే సొంత వెబ్‌సైట్లో పెట్టేశారు. పేరు కూడా వేరే, కునోరి ఫుమియో. ఎడిటర్ లేడు, డబ్బు రాదు, పేజీల లెక్క అసలే లేదు. ఉన్నదల్లా చదివేవాళ్లు. వాళ్లు తర్వాతి భాగం అడిగేకొద్దీ ఈయన రాస్తూనే పోయారు, 2008 దాకా. అచ్చులో 18వ సంపుటం వరకు నడిచిన ప్రధాన కథకు మూలం చాలావరకు ఆ వెబ్‌సైట్లో రాసిందే.

ఇంతకీ కథేంటి? 2022 నవంబర్ 6. నెర్వ్‌గేర్ అనే హెల్మెట్ పెట్టుకుంటే మనసు మొత్తం గేములోకి వెళ్లిపోతుంది. పదివేలమంది లాగిన్ అవుతారు. కాసేపటికి చూస్తే లాగౌట్ బటన్ మాయం. అందర్నీ మొదటి ఊరి చౌక్‌లోకి లాగి, ఆకాశంలో ప్రత్యక్షమైన గేము సృష్టికర్త కయాబా రూల్స్ చెప్తాడు: గేములో చస్తే హెల్మెట్ మెదడును కాల్చేస్తుంది. బయటివాళ్లు హెల్మెట్ తీసినా అంతే. ఇంట్లోవాళ్లు కంగారుపడి తీసేయడం వల్ల ఇప్పటికే 213 మంది పోయారని చల్లగా ప్రకటిస్తాడు. బయటపడాలంటే ఒకటే దారి. ఐన్‌క్రాడ్ అనే ఎగిరే కోటలో వంద అంతస్తులూ గెలవాలి.

ఇక్కడ ఒక చిన్న ముక్క ఉంది, నాకు చాలా ఇష్టం. రూల్స్ చెప్పాక కయాబా అందరికీ ఒక చేతి అద్దం బహుమతిగా ఇస్తాడు. అద్దంలోకి చూడగానే తెల్లటి వెలుగు. అది తగ్గేసరికి ఎవరి అసలు మొహం వాళ్లకు వచ్చేసి ఉంటుంది. ముచ్చటపడి తయారు చేసుకున్న అందగాళ్లు, వీరులు మాయం. అమ్మాయి అవతార్లలో ఉన్న మగాళ్లు లంగాలతో చౌక్‌లో నిలబడి ఉంటారు. నవ్వు రావాలి, కానీ వెన్నులో చలి పుడుతుంది. ఇక ఇది ఆట కాదని ఉపన్యాసం కంటే ఆ అద్దమే గట్టిగా చెప్తుంది. రాసింది పోటీకి కూడా పంపని కొత్త రచయిత అని గుర్తుపెట్టుకోండి.

[తెర మీద: అంతస్తుల బొమ్మ, 1 వెలిగి, వెంటనే 74 వెలగాలి]

అయితే ఈ పుస్తకంలో ఒక వింత ఉంది. మొదటి రోజు అయ్యాక రెండు పేజీలు తిప్పామో లేదో కథ రెండేళ్లు ముందుకు దూకేస్తుంది. హీరో కిరితో 74వ అంతస్తులో ఉంటాడు. మధ్యలో 73 అంతస్తులు ఏమైనట్టు? పోటీకని మొదలెట్టిన కథ, ఒక్క పుస్తకంలో ముగింపు దాకా రావాలి. అందుకే ఆ దూకుడు. వందో అంతస్తు కూడా చూడం, ఆట 75లోనే తేలిపోతుంది. రెండో సంపుటం మొత్తం వెనక్కి వెళ్లి, మధ్యలో జరిగిన చిన్న కథలు చెప్తుంది. నా లెక్కలో ఈయన కెరీర్ సగం ఆ దూకిన అంతస్తుల చుట్టూ తిరిగిందే. దాని దగ్గరికి వస్తాను.

2008లో కవహరా మళ్లీ పోటీకి వెళ్లారు, ఈసారి వేరే కథతో. అదే ఆక్సెల్ వరల్డ్. 15వ డెంగెకి నవలా పురస్కారంలో గ్రాండ్ ప్రైజ్ దానికే. అందులో హీరో హరుయుకి లావుగా, పొట్టిగా ఉంటాడు, స్కూల్లో రోజూ తన్నులు తింటాడు, వర్చువల్ లోకంలో కూడా పంది బొమ్మగానే తిరుగుతాడు. కిరితో లాంటి మొనగాడిని సృష్టించిన చేత్తోనే ఈ పిల్లాడూ పుట్టాడు. నన్నడిగితే మనిషిగా హరుయుకే ఎక్కువ నిజం అనిపిస్తాడు.

ప్రైజ్ వచ్చాక ఎడిటర్ కజుమా మికికి ఆ పాత వెబ్‌సైట్ సంగతి తెలిసింది. అక్కడున్న రాశి మొత్తం ఆయన వారం రోజుల్లో చదివేసి, ఇదీ వేద్దామన్నారు. 2009 ఫిబ్రవరిలో ఆక్సెల్ వరల్డ్, ఏప్రిల్‌లో స్వోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్. అలా రెండు సిరీస్‌లూ పక్కపక్కనే, చాలాకాలం రెండు నెలలకో పుస్తకం చొప్పున నడిచాయి. వెనక ఆరేళ్ల రాత నిల్వ ఉన్నా, మళ్లీ కూర్చుని తిరగరాయాలి కదా. ఆ వేగం తమాషా కాదు.

2012 ఈయన ఏడాది. ఏప్రిల్‌లో ఆక్సెల్ వరల్డ్ యానిమే, జులైలో స్వోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్ యానిమే. లైట్ నవలలకు జపాన్‌లో ఏటా ర్యాంకులిచ్చే గైడ్‌లో 2012, 2013 సంచికలు రెండింటిలోనూ స్వోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్‌దే మొదటి స్థానం. సొంత సైట్లలో ఊరికే రాసుకునే కథల్ని ప్రచురణకర్తలు సీరియస్‌గా వెతకడానికి ఈ విజయం ఒక పెద్ద కారణం. తర్వాత ప్రచురణ సంస్థ కడొకవా 2016లో తానే కకుయోము అనే వెబ్ నవలల సైట్ తెరిచింది.

తిట్లు కూడా తక్కువేం పడలేదు. కిరితో ఓడిపోడు, కనిపించిన అమ్మాయల్లా మనసు పారేసుకుంటుంది. మూడు, నాలుగు సంపుటాల్లో హీరోయిన్ అసునాను, అంతకుముందు కత్తిపట్టి ముందు నిలబడ్డ అమ్మాయిని, పంజరంలో కూర్చోబెట్టేశారు. ఆ కోపంలో న్యాయం ఉంది. కానీ ఏడో సంపుటం చదవండి. మదర్స్ రొసారియో. కథ అసునా వైపు నుంచి నడుస్తుంది. హెచ్‌ఐవీతో పుట్టి, హాస్పిటల్ గదిలో మెడికల్ వీఆర్ (వర్చువల్ రియాలిటీ) యంత్రానికి అతుక్కుని బతికే యూకి అనే అమ్మాయికి గేమే లోకం. చంపే హెల్మెట్‌తో మొదలైన సిరీస్ అదే టెక్నాలజీని తిరగేసి చూపిస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

[తెర మీద: క్యాలెండర్, 2022 నవంబర్ 6]

చిన్న పిట్టకథ. కథలోని ఆ తేదీ నిజంగానే వచ్చిన రోజున, ఆక్యులస్ వీఆర్ హెడ్‌సెట్ తయారుచేసిన పామర్ లకీ తన బ్లాగులో ఒక పోస్టు పెట్టాడు. గేములో చస్తే పెట్టుకున్నవాణ్ణి నిజంగానే చంపే హెడ్‌సెట్ ఒకటి చేశానని! పేలుడు పదార్థాలు అమర్చాడు. ఆఫీసులో అలంకారంగా పెట్టుకున్నాడు తప్ప తలకు పెట్టుకోలేదు లెండి. నవల ప్రభావం ఎంత దూరం పోతుందో, ఎంత పిచ్చిగా పోతుందో దీన్నిబట్టి చూసుకోండి.

ఇప్పుడు ఆ దూకిన అంతస్తుల సంగతి. యానిమే వచ్చిన 2012లోనే, అక్టోబర్‌లో, కవహరా ప్రోగ్రెసివ్ అనే సిరీస్ మొదలుపెట్టారు. ఐన్‌క్రాడ్‌ని మొదటి అంతస్తు నుంచి, ఒక్కొక్కటిగా, ఏదీ వదలకుండా చెప్పడం దాని పని. ఊళ్లు, తిండి, కత్తులకు సాన పెట్టించుకోవడం, గ్రూపుల మధ్య గొడవలు, అన్నీ తీరిగ్గా వస్తాయి. దీనివల్ల ఒక చిక్కు కూడా వచ్చింది. పాత పుస్తకం చదివితే కిరితో, అసునా మొదట్లో అంత దగ్గరివాళ్లు అనిపించదు, ఇక్కడేమో మొదటి అంతస్తు నుంచే జంటగా తిరుగుతారు. దీని మీద అభిమానులు ఇప్పటికీ కొట్టుకుంటారు. నేనైతే కొత్తదాని వైపే. రచన పదును తేలిన చేత్తో తిరగరాసింది ఇది.

కాకపోతే వేగం? 2021లో ఎనిమిదో సంపుటం వచ్చేసరికి కథ ఏడో అంతస్తులో ఉంది. తొమ్మిదేళ్లకు ఏడు అంతస్తులు. మిగతావి మీరే లెక్కేసుకోండి. ఈలోగా ప్రధాన సిరీస్‌లో యూనిటల్ రింగ్ భాగం, 2022 నుంచి డెమన్స్ క్రెస్ట్ అనే ఇంకో కొత్త సిరీస్ కూడా మొదలయ్యాయి.

చదవాలనుకునేవాళ్లకు: ఇంగ్లిష్ అనువాదాలు యెన్ ప్రెస్ వేస్తోంది. పాత సిరీస్ ఒకటో సంపుటం చదివి, నచ్చితే నేరుగా ప్రోగ్రెసివ్‌కి వెళ్లిపోండి. మూడు, నాలుగు దాటేసినా నేను ఏమీ అనను. ఏడు మాత్రం వదలొద్దు.