విండోస్ కీ, ఆర్ నొక్కమంటే నొక్కకండి: స్పైవేర్ ఇప్పుడు ఎలా వస్తోంది?

[తెరపై: ఒక వెబ్ పేజీ. మధ్యలో ‘నేను రోబోను కాదు’ అనే గడి.]

ఈ గడి మీకు కొత్త కాదు. రైలు టికెట్ దగ్గరో, పరీక్ష ఫలితాల దగ్గరో ఎన్నోసార్లు నొక్కే ఉంటారు. అయితే ఈ పేజీలో నొక్కగానే ట్రాఫిక్ లైట్ల బొమ్మలు రాలేదు. ఒక సూచన వచ్చింది: విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కండి, కంట్రోల్, వీ నొక్కండి, ఎంటర్ కొట్టండి.

చెప్పినట్టే చేశారనుకుందాం. ఏం జరిగిందో నెమ్మదిగా చూద్దాం.

[తెరపై: కింద ఎడమ మూలన రన్ పెట్టె తెరుచుకుంటుంది.]

గడి నొక్కిన క్షణంలోనే ఆ పేజీ ఒక ఆదేశాన్ని మీ క్లిప్‌బోర్డులోకి, అంటే కాపీ చేసినవి తాత్కాలికంగా ఉండే చోటికి, కాపీ చేసేసింది. విండోస్, ఆర్ నొక్కితే రన్ పెట్టె వచ్చింది, ఆదేశం టైప్ చేస్తే నడిపే పెట్టె అది. కంట్రోల్, వీతో ఆ ఆదేశం అందులో పడింది. పెట్టె చిన్నది, ఆదేశం పొడుగు. కనిపించేది చివరి ముక్క ఒక్కటే. అక్కడ ‘రోబోను కాదు, ధ్రువీకరణ సంఖ్య ఇది’ అని ముందే రాసి పెట్టారు. అసలు సంగతి దానికి ఎడమవైపు, మీ కంటికి ఆనకుండా ఉంది. ఎంటర్ కొట్టగానే విండోస్‌లోనే ఉండే, ఆదేశాలు నడిపే పవర్‌షెల్ లేచి, దూరాన ఉన్న ఏదో సర్వర్ నుంచి ఒక ప్రోగ్రామును తెచ్చుకుని నడిపింది. యాంటీవైరస్ దీన్ని ఆపితే ఆపవచ్చు. ఆపకపోయినా ఆశ్చర్యం లేదు: ఆదేశం ఇచ్చింది కీబోర్డు ముందు కూర్చున్న యజమానే కదా!

ఇలా దొంగచాటుగా వచ్చి మన సమాచారం ఎత్తుకెళ్లే ప్రోగ్రాములే స్పైవేర్. వాటిలో బాగా పేరుపడ్డది లుమా. దీన్ని తయారుచేసినవారు నెలవారీ చందాకు దొంగలకు అమ్ముకున్నారు. 2025 మార్చి 16 నుంచి మే 16 వరకు, అంటే రెండు నెలల్లో, ప్రపంచవ్యాప్తంగా 3,94,000కు పైగా విండోస్ కంప్యూటర్లలో ఇది కనిపించిందని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఆ మే నెలలోనే కోర్టు ఉత్తర్వుతో దాని తాలూకు సుమారు 2,300 వెబ్ చిరునామాలను మూయించారు. కొద్ది వారాలకే అది మళ్లీ తలెత్తింది.

[తెరపై: బ్రౌజర్‌లో తెరిచి ఉన్న ఈమెయిల్ పెట్టె.]

ఇంతకీ అది ఏం పట్టుకుపోతుంది? స్పైవేర్ అనగానే మనం టైప్ చేసే ప్రతి అక్షరాన్నీ చూస్తూ నెలల తరబడి లోపల కూర్చునేదని అనుకుంటాం. అలాంటివీ ఉన్నాయి. ఈ రకం మాత్రం అంత ఓపిక పట్టదు. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు, కార్డు వివరాలు, కుకీలు మూటగట్టి పంపేస్తుంది. చాలాసార్లు కొద్ది నిమిషాల్లో పని ముగుస్తుంది.

కుకీ అంటే సైకిల్ స్టాండులో ఇచ్చే చీటీ లాంటిది. చీటీ ఎవరు చూపిస్తే బండి వారిదే, పేరెవరూ అడగరు. మీరు ఒకసారి లాగిన్ అయ్యాక రోజూ పాస్‌వర్డ్ అడగకుండా ఈమెయిల్ తెరుచుకుంటోందంటే ఆ కుకీ వల్లే. అది దొంగ చేతిలో పడితే అతనికి పాస్‌వర్డూ అక్కర్లేదు, ఓటీపీ కూడా అక్కర్లేదు. లోపల ఉన్నది మీరేనని అవతలి సైట్ నమ్ముతుంది.

2023 మార్చిలో లైనస్ టెక్ టిప్స్ అనే పెద్ద యూట్యూబ్ ఛానెల్ ఇలాగే చేజారింది. కంప్యూటర్ల గురించి ప్రపంచానికి పాఠాలు చెప్పే సంస్థ అది! ప్రకటన ఒప్పందం అంటూ వచ్చిన మెయిల్‌లో పీడీఎఫ్‌లా కనిపించిన ఫైలును ఒక ఉద్యోగి తెరిచారు. పాస్‌వర్డ్ ఎవరూ కనుక్కోలేదు, లాగిన్ కుకీని ఎత్తుకెళ్లారు, అంతే.

[తెరపై: ఫైల్ ఎక్స్‌ప్లోరర్. ‘బిల్లు.పీడీఎఫ్’ అనే ఫైలు.]

పీడీఎఫ్‌లా కనిపించడం ఎలా సాధ్యం? విండోస్ మామూలుగా ఫైలు పేరు చివరి తోకను దాచేస్తుంది. ఇక్కడ చూడండి. పైన వ్యూ, అందులో షో, అందులో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ నొక్కుతున్నాను. ఇప్పుడు పేరు ‘బిల్లు.పీడీఎఫ్.ఈఎక్స్‌ఈ’ అయింది. అది కాగితం కాదు, ప్రోగ్రాము. ఈ ఒక్క మార్పు ఈరోజే చేసుకోండి. తోకను ఎందుకు దాచాలనుకున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇక మన ఊళ్లలో ఎక్కువగా తెరుచుకునే తలుపు: క్రాక్, అంటే కొనకుండానే సాఫ్ట్‌వేర్ వాడుకునేలా దాని తాళం విరిచే ఫైలు. డీటీపీ సెంటర్లో పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్, తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్, విండోస్‌ను ఉచితంగా యాక్టివేట్ చేసే పరికరం... అన్నిటికీ క్రాక్ వెతుకుతాం. వచ్చే జిప్ ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టి ఉంటుంది. అది మీ భద్రత కోసం కాదు, లోపలేముందో యాంటీవైరస్ చూడకుండా ఉండేందుకు. పక్కనే ‘ముందు యాంటీవైరస్ ఆపండి’ అని ఒక వాక్యం. ఆ వాక్యం కనిపిస్తే ఫైలు తీసేయండి, మరో ఆలోచన వద్దు. తెలుగు టైప్ చేయడానికి విండోస్‌లోనే కీబోర్డు ఉంది, యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి, లిబ్రేఆఫీస్ కూడా ఉచితమే. పాత పద్ధతి ఫాంట్లతోనే పని నడిచేవారికి ఇది పూర్తి సమాధానం కాదని తెలుసు. అలాంటప్పుడు ఆ పనికి వేరే కంప్యూటర్ ఉంచండి, బ్యాంకు, ఈమెయిల్ అందులో తెరవకండి.

[తెరపై: విండోస్ సెక్యూరిటీ.]

యాంటీవైరస్ కొనాలా అని చాలామంది అడుగుతారు. ఇంటి వాడకానికి విండోస్‌తో వచ్చే డిఫెండర్ చాలు, దాన్ని ఆపకుండా ఉంటే. వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో, మేనేజ్ సెట్టింగ్స్ కింద ఎక్స్‌క్లూజన్స్ ఉంటుంది. డిఫెండర్ వెతకకుండా వదిలేసే చోట్ల జాబితా అది. మీరు ఏదీ చేర్చకపోయినా అందులో సీ డ్రైవ్ మొత్తం కనిపిస్తే, ఏదో క్రాక్ తన పని తాను చేసుకుపోయిందన్నమాట.

విండోస్ 10కు మామూలు అప్‌డేట్‌లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. వీలైతే 11కు మారండి. బ్రౌజర్‌లో వాడని ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కు అదనంగా చేర్చుకున్న చిన్న ప్రోగ్రాములు, తీసేయండి.

[తెరపై: నల్లటి నేపథ్యంపై ‘ఇప్పటికే నొక్కేశారా?’]

నొక్కేశారా? ముందు ఇంటర్నెట్ తీసేయండి. పాస్‌వర్డ్‌లు ఆ కంప్యూటర్ మీద మార్చకండి. మార్చిన కొత్తవి కూడా పోవచ్చు. ఫోను నుంచో, మరో కంప్యూటర్ నుంచో మార్చండి. మొదట ఈమెయిల్, ఎందుకంటే మిగతా ఖాతాలన్నీ ‘పాస్‌వర్డ్ మర్చిపోయాను’ అంటే అక్కడికే వస్తాయి. ఈమెయిల్ సెట్టింగుల్లో అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ చేయండి. పోయిన కుకీ చెల్లకుండా పోయేది అప్పుడే. ఆ తర్వాత బ్యాంకు, సోషల్ మీడియా.

కంప్యూటర్‌లో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి, పావుగంట పడుతుంది. ఏమీ దొరకలేదని ఊరుకోకండి. పట్టుకుపోయాక తనను తాను చెరిపేసుకునే రకాలున్నాయి. నా మాట అడిగితే, ఫైళ్లు దాచుకుని విండోస్ మళ్లీ కొత్తగా వేసుకోవడమే మంచిది.

డబ్బు పోయి ఉంటే ఈ పనులన్నీ ఆపి, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు చేతులు మారకుండా బ్యాంకులు నిలిపే అవకాశం అంత ఎక్కువ. లావాదేవీ సంఖ్య, ఖాతా వివరాలు చేతిలో ఉంచుకోండి, అవే మొదట అడుగుతారు.